ఒక కన్ను తెరిచి ప్రార్థన

మా సంఘం పాస్టరుగారి భార్య పోయారు. ఆవిడ పేరు నా నోట ఎన్నడూ రాలేదు. పాస్టరుగారు మా అందరికీ అయ్యగారు, ఆవిడ అమ్మగారు, అంతే. సమాధి రాయి చెక్కేవాడు వచ్చి పేరు అడిగితే ఆడవాళ్ళం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి అయ్యగారే చెప్పారు. ఇక్కడ కూడా నేను ఆ పేరు రాయను. రాస్తే ఎవరో కొత్త మనిషి గురించి చెబుతున్నట్టుంటుంది నాకు.

జ్ఞాపకార్థ కూడికకి మా అమ్మాయి ఒంగోలు నుంచి రెండు నెలలు దాటిన చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. బస్సు దిగుతూనే సంచీ నా చేతిలో పెట్టింది. ఇంత బరువేమిటా అని చూస్తే లోపల పాలపొడి డబ్బా. మూత ఇంకా తీయలేదు.

"ఇదేంటే?" అన్నాను.

"పాపకి వారమైందమ్మా, దొడ్డికి పోలేదు. నా పాలు దానికి పడట్లేదంటున్నారు అందరూ. డబ్బా పాలు పట్టి చూడమంటున్నారు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. బరువు బాగా పెరిగింది, తల్లిపాలు తాగే పిల్లలు ఈ వయసులో రోజుల తరబడి పోకపోవడం మామూలే, కంగారు పడొద్దన్నాడు."

"మరి ఇంకేం?"

"ఆయన మగాడమ్మా. ఆయనకేం తెలుసు?"

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లలందరికీ తెలుసు. కానీ దాని మొహం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. నా పాలు మంచివి కావేమోనన్న దిగులు అది. ఆ దిగులు నాకు బాగా తెలుసు. దీన్ని కన్నప్పుడు సరిగ్గా ఈ దిగులుతోనే నేను మంచం పట్టినంత పని చేశాను.

"నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టాను.

"అమ్మా, మళ్ళీ అది ఎత్తకు, నీకు దణ్ణం పెడతా!" అంది. పాపం, ఊళ్ళో ఆ సంగతి చెప్పి దాన్ని ఏడిపించని మనిషి లేడు. అందుకే దానికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

అమ్మగారిది కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. పెళ్ళి చేసుకుని మా మిరప నేలల్లోకి వచ్చి పడ్డారు. ఎండు చేపల వాసన ఆవిడకి అత్తరు, మిరప ఘాటంటే మాత్రం జన్మవైరం. కోతలయ్యి కళ్ళాల్లో కాయ ఎండబోసే రోజులొస్తే ఆవిడకి తుమ్ములే తుమ్ములు. "తండ్రీ, ఈ ఇంటిని" అని ఒక తుమ్ము, "చల్లగా చూడు" అని ఇంకో తుమ్ము. పిల్లకాయలు కళ్ళు మూసుకుని ఆమేన్ కోసం కాదు, తర్వాతి తుమ్ము కోసం కాచుకుని ఉండేవాళ్ళు. ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు. ఆవిడ వాడివైపు గొడుగు చూపించేవారు. ఆ నల్ల గొడుగు ఎండకీ, కుక్కలకీ, మాట వినని మనుషులకీ అన్నిటికీ పనికొచ్చేది.

పాట ఎత్తుకున్నారంటే మా పని అయిపోయినట్టే. ఎక్కడో ఆకాశంలో ఎత్తుకునేవారు. రెండో చరణానికి వచ్చేసరికి సంఘమంతా గొంతు చించుకుని ఆగిపోతే ఆవిడ ఒక్కరే అందుకుని పాడుకుంటూ పోయేవారు. వంట కూడా అంతంత మాత్రమే. అయ్యగారే చేపల పులుసు పెట్టేవారు, పేరు మాత్రం అమ్మగారికి వచ్చేది. ఆవిడకి కొన్ని పిచ్చి నమ్మకాలూ ఉండేవి. ఫ్యాను కింద తల ఆరబెట్టుకుంటే మతిమరుపు వస్తుందనేవారు. జామకాయ తిని నీళ్ళు తాగితే జ్వరం ఖాయమనేవారు. నేను సైన్సు పుస్తకం తెచ్చి చూపించినా వినలేదు. "నీ పుస్తకం జామకాయ తినలేదమ్మాయ్" అన్నారు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కేవారు.

కానీ ఊళ్ళో ఎవరింట్లో పురుడొచ్చినా మొదట గుమ్మంలో కనిపించేది ఆ గొడుగే. మాలో అయినా, బయటివాళ్ళలో అయినా ఆవిడకి తేడా లేదు. రైతుల ఇళ్ళలో ఆవిడ ప్రార్థన అక్కర్లేనివాళ్ళు కూడా "ఒకసారి వచ్చి పిల్లాడి పొట్ట మీద చెయ్యి వెయ్యండమ్మా" అని పిలిపించుకునేవాళ్ళు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ రుద్ది వేడి చేసుకుని, అప్పుడు పొట్ట మీద పెట్టేవారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడేది. అమ్మగారిది పాలు పొంగేలోపు అయిపోయేది. ఆ కాసేపూ ఒక కన్ను మూసి ఉండేది, రెండోది తెరిచి బిడ్డని చూస్తూ ఉండేది. ఇదేం ప్రార్థన అమ్మగారూ అని ఎవరో అడిగారట. "రెండూ మూసుకుంటే బిడ్డ సంగతి ఎవరు చూస్తారు? దేవుడు ఒక పక్క చూస్తాడు, నేను ఇంకో పక్క చూస్తాను" అన్నారట.

ఇక మా సంగతి. నాకు తల్లి లేదు. అందుకని పురుడు అత్తగారింట్లోనే పోశారు. మా అత్త మంచి మనిషే. కడుపులో పెట్టుకుని చూసింది. కాకపోతే ఆవిడ చూడటమంటే పథ్యం. మూడు పూటలా పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం. కూర లేదు, పెరుగు లేదు. దాహమంటే గుక్కెడు నీళ్ళు, అదీ కాచి చల్లార్చినవి. బాలింత ఎక్కువ నీళ్ళు తాగితే బిడ్డకి జలుబు చేస్తుందట. రెండు నెలలు నిండాక పిల్ల రోజూ పోయేది కాస్తా ఉన్నట్టుండి ఆపేసింది. ఒక రోజు, ఇంకో రోజు, చూస్తుండగానే వారం దగ్గరపడింది. పిల్ల నవ్వుతూనే ఉంది, పాలు తాగుతూనే ఉంది. మధ్యమధ్యలో మొహం ఎర్రగా చేసుకుని ముక్కేది, మూలిగేది. అది చూసి మా అత్త గుండెలు బాదుకునేది. నా కంచంలో వెల్లుల్లి కారం కూడా తగ్గించేసింది. నేను తినేదే పిల్లకి బిగబడుతోందని ఆవిడ లెక్క.

మా ఆయన గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ కొట్టులో గుమాస్తా. ఆయనకి బస్తాల సంగతి తెలుసు గానీ బిడ్డల సంగతి తెలియదు. తల్లి చెప్పిందని శనివారం వస్తూ వస్తూ పాలపొడి డబ్బా, సీసా పట్టుకొచ్చాడు. అవి అలమరలో ఎదురుగా పెట్టారు. నేను పాలిస్తూ ఆ డబ్బా వైపే చూసేదాన్ని. రేపటి నుంచి పిల్ల నా దగ్గరికి రాదేమో అనుకుంటే ప్రాణం ఉసూరుమనేది. గట్టిగా వద్దనడానికి నోరు రాలేదు. ఊరందరి పిల్లలకీ ఎక్కాలు నేర్పే టీచరుని, నా పిల్ల విషయంలో నాకే నమ్మకం లేకపోయింది.

ఆదివారం మా అత్త గుడికి వెళ్ళింది. నేను బాలింతని కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. గుడి మా వీధి చివరే. గుడి మీద మైకుంటుంది. పాటలు అయ్యాయి, ప్రార్థన అవసరతలు చెప్పండని అయ్యగారి గొంతు వినిపించింది. ఎవరికో మోకాళ్ళ నొప్పులు, ఎవరి కొడుక్కో పరీక్షలు. తర్వాత మా అత్త గొంతు, ఊరంతా వినేటట్టు:

"నా మనవరాలికి వారం నుంచి దొడ్డికి అవట్లేదు. అందరూ కన్నీళ్ళతో ప్రార్థన చెయ్యండి."

నా తల కొట్టేసినట్టయింది. ఒళ్ళో పిల్ల హాయిగా పాలు తాగుతోంది. ఎదురింటి కాపుల ఆడవాళ్ళు అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే నా కిటికీ వైపు తిరిగారు. టీ కొట్టు దగ్గర మా ఆయన్ని ఒకడు, "ఏరా, మీ పాపకి అయిందా?" అన్నాడట. తర్వాత నెలల పాటు ఆయనకి అదే నమస్కారం.

గుడి వదలగానే మా అత్త ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా పని మొదలుపెట్టింది. తమలపాకు కాడ తుంచి, ఆముదంలో ముంచి, పిల్లని ఒళ్ళో బోర్లా వేసుకుంది. ఆ కాడ వెనక పెడితే పిల్లలకి వెంటనే అవుతుందని మా ఊళ్ళో అందరికీ తెలిసిన వైద్యమే. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. అప్పుడే గుమ్మంలో గొడుగు, వెనకే అమ్మగారు. లోపలికి రెండడుగులు వేశారో లేదో, హాచ్ అని ఇల్లు అదిరేలా తుమ్మారు.

మా అత్త చేయి ఆగింది. ఎన్ని ఆదివారాలు గుడికి వెళ్ళినా తుమ్ము తుమ్మే కదా. "ఒక్క తుమ్ము తుమ్మారు అమ్మగారూ. కాసేపు ఆగి పెడతాను" అంది.

"ఆగాల్సింది నా తుమ్ముకి కాదక్కా. నిన్నంతా ఏం చేశావు?"

"ఏం చేస్తాను, వసారాలో కూర్చుని మిరపకాయలకి ముచ్చికలు తుంచాను."

"ఆ చేత్తోనేనా ఇది?"

"కడిగాను గదండీ, సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాను!"

"సరే, అయితే ఆ వేలు ముందు నీ కంట్లో పెట్టుకో. మండకపోతే అప్పుడు బిడ్డ దగ్గరికి పోదువుగాని."

మా అత్తకి పట్టుదల ఎక్కువ. నన్నంటారా అన్నట్టు వేలు తీసుకెళ్ళి కంటి కొసకి రాసుకుంది. రాసుకుని "ఓరి దేవుడోయ్!" అని ఒక్క గావుకేక పెట్టింది. మిరప ముచ్చిక తుంచిన చేతి మంట సబ్బుకి లొంగదని ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి తెలియదా? తెలుసు. మనవరాలి మీద బెంగతో ఆ సంగతే మరిచిపోయింది. అమ్మగారు గబగబా పిల్లని అందుకుని నా చేతికిచ్చి, మా అత్తని పెరట్లోకి తీసుకెళ్ళి కళ్ళు కడిగించారు. మా అత్త ఒక కంట మంటతో, ఇంకో కంట నిజమైన ఏడుపుతో, "ఎంత పని చేయబోయానమ్మా, ఎంత పని చేయబోయాను" అని కూలబడింది.

"ఏడవకక్కా. నేనూ చేశాను" అన్నారు అమ్మగారు. "మా పెద్దాడికి ఈ కాడే పెట్టించాను, సబ్బు ముక్క పెట్టించాను, ఆముదం పోయించాను. ఆముదం పోసిన రోజు నీళ్ళ విరేచనాలై పిల్లాడు వాడిపోయాడు. ఎత్తుకుని గుంటూరు పరిగెత్తితే అక్కడి డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది. జబ్బు లేని బిడ్డకి జబ్బు తెచ్చావు అంది. ఆ తిట్లు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి."

అప్పుడు వచ్చి మంచం మీద కూర్చుని, అరచేతులు రుద్దుకుని పిల్ల పొట్ట మీద పెట్టారు. ఒక కన్ను మూశారు. ప్రార్థన అనుకుని నేను తల మీద కొంగు వేసుకున్నాను. కాదు, ప్రశ్నలు.

"పాలు తాగుతోందా?"

"తాగుతోందండీ."

"గుడ్డలు తడుపుతోందా?"

"ఉతకలేక చస్తున్నాం" అంది మా అత్త.

"పొట్ట మెత్తగా ఉంది, నేనే చూస్తున్నాను. నవ్వుతోందా?"

అంతలో ఆవిడ మళ్ళీ తుమ్మారు. పిల్ల ఆ తుమ్ముకి నవ్వింది.

"అయితే బిడ్డ బాగుంది. ఇక బాగుపడాల్సింది మీరిద్దరూ" అన్నారు. "పోయినసారి పోయినప్పుడు ఎలా ఉంది? మేకపెంటికల్లా గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?"

"మెత్తగానే ఉందండీ, పసుపుపచ్చగా."

"అదే అడగాలి. ఎన్నాళ్ళయింది అని కాదు, ఎలా ఉంది అని అడగాలి. తల్లిపాలల్లో పిప్పి ఉండదమ్మాయ్. తాగిందంతా ఒంటికి పట్టేస్తుంటే బయటికి పోవడానికి ఏం మిగులుతుంది?"

"మరి అంత ముక్కుతోంది, ఎర్రబడిపోతోంది కదండీ" అన్నాను.

"మనం కూర్చుని పోతాం. అది వెల్లకిలా పడుకుని పోవాలి. నువ్వు ఒకసారి పడుకుని ప్రయత్నించు, ఎవరు ముక్కుతారో చూద్దాం!"

మా అత్త మండే కంటితోనే పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వి. అమ్మగారు నా కంచం తెప్పించి చూశారు. చూసి మొహం చిట్లించారు. "నీ కోడలికి ముందు చెంబుడు నీళ్ళివ్వక్కా. కూర పెట్టు, పెరుగు పెట్టు. బిడ్డకి బిగబట్టేది తల్లి కంచం కాదు. కంచం ఇలా ఉంటే తల్లికే అన్నీ బిగబడతాయి" అన్నారు. ఆ మాట నిజమని నాకొక్కదానికే తెలుసు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు అంతవరకు.

లేచి వెళ్తూ అలమర దగ్గర ఆగారు. డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి చూసి సంచీలో వేసుకున్నారు. "ఇది నా దగ్గర ఉంటుంది. తల్లికి పాలు లేకపోతే, తల్లే లేకపోతే, డాక్టరు పట్టమంటే, అప్పుడు ఈ డబ్బా దేవుడిచ్చిందే. ఇక్కడ దీనికి పనిలేదు" అన్నారు. మా అత్త నోరు తెరిచి, గొడుగు వైపు చూసి, మూసుకుంది. నేను ఆ సంచీ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది నాకు.

తర్వాత రోజూ సాయంత్రం వచ్చేవారు. నాలుగు ప్రశ్నలు, ఒక తుమ్ము, ఒక పొట్టి ప్రార్థన, అల్లం టీ. ఒక సాయంత్రం పిల్లని ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతుండగా వారం బాకీ అంతా ఒక్కసారే తీర్చేసింది మా తల్లి. గుడ్డ దాటి, ఆవిడ నేత చీర కుచ్చిళ్ళ దాకా. నేను సిగ్గుతో చచ్చిపోతూ తుడవబోతే చేయి పట్టుకుని ఆపారు. "ఉండు, ఉండు! చూడక్కా, ఆవపిండి ముద్దలా ఎంత మెత్తగా ఉందో! మెత్తగా!" అని మా అత్తని పిలిచి, ఎదురింటి వాళ్ళని పిలిచి, దారిన పోయే మా ఆయన పెదనాన్నని కూడా పిలిచి చూపించారు. బంగారం దొరికినా అంత సంబరపడి ఉండరు ఆవిడ.

మరుసటి ఆదివారం నేనూ పిల్లని ఎత్తుకుని గుడికి వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పే సమయం రాగానే మా అత్త కొంగు సర్దుకుని మైకు ముందుకి వెళ్ళింది. "దేవుడు నా మనవరాలిని గొప్పగా స్వస్థపరిచాడు" అని మొదలుపెట్టిందో లేదో, ముందు వరసలోంచి అమ్మగారు లేచారు.

"ఆగక్కా. బిడ్డకి జబ్బెక్కడుంది? జబ్బు లేనిదానికి స్వస్థత ఏమిటి? రేపు నిజంగా జబ్బు చేసి బాగైనవాళ్ళు వచ్చి చెబితే వాళ్ళ మాటకి విలువ ఉంటుందా?"

అయ్యగారు కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మా అత్త మొహం మాడిపోయింది. వారమంతా తయారుచేసుకున్న సాక్ష్యం మరి. "అయితే నేనేం చెప్పాలండీ?" అంది, ఏడుపు గొంతుతో.

"నీ కోడలికి పాలున్నాయి కదా. అది చెప్పు."

మా అత్త మైకు గట్టిగా పట్టుకుంది. నావైపు చూసింది. తర్వాత మెల్లగా, "నా కోడలికి పాలున్నందుకు దేవునికి స్తోత్రం" అంది. సంఘమంతా స్తోత్రం అంది. మైకులోంచి ఆ మాట ఊరంతా వెళ్ళింది. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఈ ఊళ్ళో నా గురించి ఎవరూ ఎప్పుడూ అంత మంచి మాట చెప్పలేదు.

ఆ వారం స్త్రీల కూడికలో టీ చాలా చిక్కగా ఉంది. పాలెక్కడివి ఇంత మంచివి అని అందరూ అడిగారు. అమ్మగారు నావైపు చూసి కన్నుగీటారు.

ఇదంతా విని, ఆవిడ ఎవరొచ్చినా ఏం ఫర్లేదు పొమ్మనేవారనుకుంటే పొరపాటు. తర్వాత కొన్నాళ్ళకి, పత్తి తీతలప్పుడు, ఊరి చివర కూలివాళ్ళ ఇంటికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. అక్కడి పిల్లాడికి నెల కూడా నిండలేదు. కొన్నాళ్ళుగా పోవడం లేదన్నారు. వాళ్ళ అవ్వ నన్ను చూపించి, "టీచరమ్మ కూతురికీ ఇంతేగా, అదే పోతుందిలే అనుకున్నాం" అంది. నా కూతురి కథ అప్పటికే ఊరికి ధైర్యం చెప్పే కథ అయిపోయింది. అమ్మగారు అరచేతులు రుద్దుకుని పొట్ట మీద పెట్టి, "తండ్రీ, ఈ బిడ్డని" అన్నారు. అని ఆగిపోయారు. మూసిన కన్ను కూడా తెరిచారు. పొట్ట బిర్రుగా ఉబ్బి ఉంది. అంతలో పిల్లాడు వాంతి చేసుకున్నాడు. ఆకుపచ్చగా.

"ఆటో పిలవండి" అన్నారు.

"ప్రార్థన మధ్యలో ఉందమ్మగారూ, ఆమేన్ అనలేదు" అంది అవ్వ.

"ఆమేన్ గుంటూరులో అంటాను. లే!"

ఆటోలో పిల్లాడి తల్లి పక్కన కూర్చుని మిగతా ప్రార్థన చేశారు, రెండు కళ్ళూ తెరుచుకుని, దారి మీద చూపు పెట్టుకుని. పేగులో అడ్డమట. ఆపరేషన్ చేసి బతికించారు డాక్టర్లు. ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు మీకెలా తెలిసిందండీ అన్నాను. "ఏమీ తెలియలేదమ్మాయ్. భయమేసింది" అన్నారు. "మెత్తటి పొట్ట దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. గట్టి పొట్ట, ఆకుపచ్చ వాంతి, నెత్తురు, పాలు మానేయడం, వీటి దగ్గర కబుర్లు ఉండవు. నెల నిండని బిడ్డయితే అసలు నా మాటే వినొద్దని అందరికీ చెప్పు." అన్నం తినే పిల్లల లెక్క కూడా వేరేననేవారు. అన్నప్రాశన అయ్యాక గట్టిగా, నొప్పితో పోతుంటే నీళ్ళు పట్టమనేవారు, బొప్పాయి ముక్క, ఆకుకూర పెట్టమనేవారు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికే పంపేవారు.

ఆ పిల్లాడే ఇప్పుడు మా గుడిలో కీబోర్డు వాయిస్తున్నాడు. జ్ఞాపకార్థ కూడికలో మొదటి పాట అతనే అందుకున్నాడు. అందరం పాడగలిగే శ్రుతిలో, చక్కగా. ఏదో వెలితిగా అనిపించింది నాకు. ఆకాశంలో ఎత్తుకునే మనిషి లేరు మరి.

అమ్మగారి గురించి చెప్పేవాళ్ళు చెప్పమన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆవిడ భక్తి గురించి, ఓర్పు గురించి చెప్పారు. ఓర్పు అనగానే అయ్యగారు తల వంచుకుని నవ్వుకోవడం నేను చూశాను. నేను లేవబోతే మా అమ్మాయి కొంగు పట్టుకుంది. "అమ్మా, నా సంగతి మైకులో చెప్పావంటే నేను మళ్ళీ ఈ ఊరు రాను." దాని ఒళ్ళో చంటిది బొటనవేలు చీకుతూ అందరినీ చూస్తోంది. పక్కన సంచీలో డబ్బా. ఇంటి దగ్గర ఆ నాలుగు ప్రశ్నలూ నేనూ అడిగి చూశాను. నాలుగింటికీ సరైన జవాబే చెప్పింది. అయినా డబ్బా వదలలేదు. గుడిలోకి కూడా తెచ్చుకుంది.

మైకు ముందుకి వెళ్ళాను. అది వద్దంది కాబట్టి దాని సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, గుడిలో సగం మంది ఆ సాయంత్రం ఆవపిండి ముద్దని కళ్ళారా చూసినవాళ్ళే. అమ్మగారు ఒక కన్ను తెరిచి ప్రార్థన చేసేవారని మాత్రం అన్నాను. ఆ కన్ను మా అందరి బిడ్డల మీదా ఉండేదన్నాను. అప్పుడు మా అమ్మాయి వైపు చూశాను. అది నన్నే చూస్తోంది.

"మా అమ్మాయికి పాలున్నందుకు దేవునికి స్తోత్రం" అన్నాను.

సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. బయట మైకులోంచి ఆ మాట వీధుల వెంట వెళ్ళడం వినిపించింది. ముందు వరసలో కూర్చున్న మా అత్త, చెవులు సరిగా వినబడని మనిషి, ఇది మాత్రం విన్నది. "అది నా సాక్ష్యమే! నాది నువ్వు చెప్పావేంటే!" అని అరిచింది. గుడి గుడంతా నవ్వింది. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నేను తిరిగి వచ్చేసరికి మా అమ్మాయి తన చోట్లో లేదు. పైట చాటున పిల్లకి పాలిస్తూ, రెండో చేత్తో సంచీ పట్టుకుని, గుడి వెనక పొయ్యి దగ్గరికి నడుస్తోంది.

ఆ సాయంత్రం టీ చాలా చిక్కగా ఉంది.